నెల్లూరులో 2021 నెక్సాన్ ఈవీ, 68 వేలు తిరిగింది, 8.25 లక్షలు చెప్తున్నారు. బ్యాటరీ అరుగుదలకి ఎంత తగ్గించి అడగాలి?

కావలి బైపాస్ (ప్రశ్న):

అందరికీ నమస్తే. నెల్లూరులో ఒక సెకండ్ హ్యాండ్ నెక్సాన్ ఈవీ బేరానికి ఉంది. 30.2 యూనిట్ల బ్యాటరీ వచ్చే పాత మోడల్, ఎక్స్‌జెడ్ ప్లస్, 2021 మార్చి రిజిస్ట్రేషన్, ఒకే ఓనరు, సొంత వాడకం. మీటరు మీద 68 వేల చిల్లర. 8.25 లక్షలు చెప్తున్నారు. ఆన్‌లైన్‌లో ఇదే సంవత్సరం, ఇదే మోడల్ బండ్లు 7.5 నుంచి 8 లక్షల మధ్య కనిపిస్తున్నాయి.

నా వాడకం కావలి నుంచి నెల్లూరు, పోను రాను కలిపి సుమారు 110 కిలోమీటర్లు, నెలకి 26 రోజులు. ఇంటి దగ్గర 15 యాంప్స్ ప్లగ్గు పెట్టుకునేదానికి వీలుంది. నెల్లూరులో పని చేసే చోట ఛార్జింగ్ లేదు. నాలుగేళ్ళు వాడాలని ఉంది.

బ్యాటరీ 92 శాతం ఉందని ఓనరు చెప్తున్నారు. ఫుల్ ఛార్జ్ చేసి చూపిస్తే డిస్‌ప్లేలో 208 కిలోమీటర్లు చూపించింది. ఆ 92ని నమ్మొచ్చా? నమ్మకపోతే ఎట్టా తేల్చుకోవాలి? తేలిన అరుగుదలకి రూపాయల్లో ఎంత తగ్గించమని అడగడం న్యాయం? పెట్రోలు బండయితే ఇంజను చప్పుడు వినో, పొగ చూసో ఒక అంచనాకి రావొచ్చు. దీనికి ఏం చూడాలో తెలిసినవాళ్ళు చెప్పండి.


ఒంగోలు వోల్ట్:

ముందుగా ఆ 208ని పక్కన పెట్టండి. డిస్‌ప్లేలో కనిపించే రేంజ్ బ్యాటరీ ఆరోగ్యాన్ని చెప్పదు. కిందటి కొన్ని పదుల కిలోమీటర్లు బండిని ఎట్టా నడిపారో దాన్ని బట్టి వేసిన అంచనా అది. వారం రోజులు ఊళ్ళో నలభైలో, ఏసీ వెయ్యకుండా తిప్పి ఫుల్ ఛార్జ్ చేస్తే అరిగిన బ్యాటరీ కూడా 200 పైన చూపిస్తుంది. అదే బండిని హైవే మీద తొంభైలో నడిపి మళ్ళీ ఫుల్ చేస్తే 165కి దిగుతుంది. రెండు అంకెల మధ్య బ్యాటరీలో మారింది ఏమీ ఉండదు.

92 ఎక్కడి నుంచి వచ్చిందో ఓనరునే అడగండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో డయాగ్నొస్టిక్ టూల్ పెట్టి చదివిన ఎస్‌ఓహెచ్ (కొత్తప్పటితో పోలిస్తే బ్యాటరీ ఎంత శాతం మిగిలిందో చెప్పే అంకె) అయితే కాగితం ఉంటుంది. ఆ కాగితం మీద ఛాసిస్ నంబరు, తేదీ, అప్పటి కిలోమీటర్లు ఉండాలి. ఏడాది కిందట తీసినదైతే మళ్ళీ తీయించండి, ఫీజు మీరే కట్టండి. ఓనరు ఒప్పుకోకపోతే ఆ బండి జోలికి పోవద్దు.

ఆ కాగితం ఒక్కటే చాలదు, ఎందుకో చెప్తాను. ఈ మోడల్‌లో ఉన్నవి ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్. వీటి వోల్టేజి 20 శాతం నుంచి 90 శాతం దాకా దాదాపు ఒకే చోట, 3.2 నుంచి 3.35 వోల్టుల మధ్య నిలబడుతుంది. వోల్టేజి చూసి ఎంత ఛార్జ్ మిగిలిందో చెప్పేదానికి బండిలోని బీఎంఎస్‌కి (బ్యాటరీని చూసుకునే కంప్యూటర్) ఆ మధ్య భాగంలో ఆధారం దొరకదు, లోపలికి వెళ్ళిన కరెంటు, బయటికి వచ్చిన కరెంటు లెక్క వేసుకుంటూ పోతుంది. ఎప్పుడూ 30 నుంచి 80 మధ్యే ఛార్జ్ చేసిన బండిలో ఆ లెక్క నెలల తరబడి తప్పుతూ పోతుంది. ఎస్‌ఓహెచ్ అంకె పైకీ తప్పొచ్చు, కిందకీ తప్పొచ్చు. అందుకే రోడ్డు మీద కొలవాలి. మీరు రోజూ పోవాల్సిన రోడ్డే ఉంది కాబట్టి దాని మీదే కొలవండి.

ముందు రోజు రాత్రి స్లో ఛార్జింగ్‌లో 100కి తీసుకురమ్మనండి. 100 చూపించగానే తీసెయ్యకుండా ఛార్జర్ తనంతట తాను ఆగేదాకా వదిలెయ్యాలి, చివర్లో గంటో రెండు గంటలో సెల్స్‌ని సమం చేసే పని జరుగుతుంది. పొద్దున డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత గాలి నాలుగు టైర్లకీ పెట్టించండి. ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఏసీ 24లో పెట్టి, ఇద్దరు ఎక్కి, 80 దాటకుండా నెల్లూరు నుంచి కావలి వెళ్ళి అదే చోటికి తిరిగి రండి. ఎన్‌హెచ్ 16 మీద ఆ ముక్కలో ఎత్తు పల్లాలు లేవు. పోయేటప్పుడు ఎదురు గాలి ఉన్నా వచ్చేటప్పుడు సరిపోతుంది, అందుకే ఒక వైపు మాత్రమే నడిపి లెక్క కట్టొద్దు.

తిరిగొచ్చాక మూడు అంకెలు రాసుకోండి: కిలోమీటర్లు, కిలోమీటరుకి సగటు వాట్ అవర్లు, మిగిలిన శాతం. ఉదాహరణకి 112 కిలోమీటర్లు, సగటు 142, మిగిలింది 33 శాతం అనుకోండి. 112ని 142తో గుణిస్తే 15,900 వాట్ అవర్లు, అంటే 15.9 యూనిట్లు. అది 67 శాతం ఛార్జ్‌తో వచ్చింది, అంటే నూటికి 23.7 యూనిట్లు. కంపెనీ రాసే 30.2లో కిందా పైనా కొంత వాడనివ్వకుండా ఆపి ఉంచుతారు కాబట్టి కొత్తప్పుడు చేతికి 28 వచ్చేదనుకుని లెక్క కట్టండి. 23.7ని 28తో భాగిస్తే 85 శాతం. 30.2తో భాగించి 78 అని ఓనరు మీద పడటం మాత్రం అన్యాయం.

ట్రిప్ కంప్యూటర్ కూడా రెండు మూడు శాతం తప్పొచ్చు. సరిచూసుకోవాలంటే వచ్చిన వెంటనే ఏసీ ఛార్జర్‌కి పెట్టి, 33 నుంచి 100కి గోడ మీటరులో ఎన్ని యూనిట్లు తిరిగాయో చూడండి. ఛార్జర్‌లో వేడిగా పోయేది 12 శాతం దాకా ఉంటుంది కాబట్టి 18 యూనిట్ల చుట్టూ తిరగాలి. 15 తిరిగితే ట్రిప్ మీటర్ ఎక్కువ చెప్తోందని అర్థం, చేతికొచ్చేది 23.7 కాదు, 20 దగ్గర.

ఇంకొక్క పని. వీలైతే ఇంకోసారి 33 దగ్గర ఆపకుండా ఊళ్ళోనే తిప్పి 12 శాతం దాకా దించండి. బలహీనమైన సెల్ బయటపడేది అక్కడే. ప్యాక్‌లో సెల్స్ వరసగా కలిపి ఉంటాయి, ఒక్కటి ఖాళీ అయితే మిగతా వాటిలో ఛార్జ్ ఉన్నా బీఎంఎస్ బండిని ఆపాలి. పై లెక్క ప్రకారం 1.6, 1.7 కిలోమీటర్లకి ఒక శాతం చొప్పున నిదానంగా దిగుతూ రావాలి. 19 నుంచి ఒక్కసారిగా 10కి పడితే, లేదా 20 దగ్గరే పికప్ తగ్గిస్తే, సగటు లెక్క ఎంత బాగా వచ్చినా ఆ ప్యాక్‌లో లోపం ఉన్నట్టే. ఓబీడీ డాంగిల్‌తో (బండి డయాగ్నొస్టిక్ పోర్ట్‌కి తగిలించే చిన్న పరికరం) సెల్ వోల్టేజీలు కనిపించే యాప్ ఈ మోడల్‌కి పనిచేస్తే ఇంకా మంచిది. మధ్యలో చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, ఉపయోగం లేదు. 15 శాతం దగ్గర యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ప్రతిసారీ అదే నంబరు సెల్ ముందుగా పడుతుందేమో గమనించండి.


సింహపురి లెక్క:

కొలిచే పద్ధతి పైన చక్కగా చెప్పారు. రూపాయల సంగతి నేను చెప్తాను.

ధర కన్నా ముందు ఒక ప్రశ్న తేలాలి. ఈ బండి నాలుగేళ్ళ తర్వాత కూడా మిమ్మల్ని కావలి నుంచి నెల్లూరు తీసుకుపోయి తీసుకురాగలదా? రాలేనంటే ఎంత చవకగా ఇచ్చినా మీకు దండగే. ఈ రోజు 23.7 యూనిట్లు వస్తున్నాయనుకుందాం. మన ఎండలకి ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు శాతం పోతుందని లెక్క వేస్తే నాలుగేళ్ళకి 78 శాతం, అంటే 21.8 యూనిట్లు మిగులుతాయి. మే నెలలో ఏసీ నిండా వేస్తే సగటు 150కి పోతుంది, అప్పుడు 145 కిలోమీటర్లు. అందులో 20 శాతం ముట్టుకోకుండా ఉంచుకుంటే 116. మీకు కావాల్సింది 110. సరిపోతుంది గానీ ఒరుసుకుంటూ సరిపోతుంది. పరీక్షలో ఈ రోజే 78 వస్తే మాత్రం నాలుగో ఏడాది 106కి దిగుతారు, నెల్లూరులో ప్లగ్గు దొరికితే తప్ప వద్దనే చెప్తాను. మీ వాడకానికి ఈ మోడల్‌లో కనీస హద్దు 83 పెట్టుకోండి.

ఇప్పుడు తగ్గింపు. సర్వీస్ సెంటర్‌లో ఈ మోడల్ ప్యాక్ మార్చేదానికి ఎంతవుతుందో లేబరు, పన్నుతో సహా కొటేషన్ రాయించుకోండి. వాట్సాప్‌లో తిరిగే అంకెలు పట్టుకుని బేరం చెయ్యలేరు. కొటేషన్ 6 లక్షలు వచ్చిందనుకుందాం. 70 శాతానికి దిగిన ప్యాక్ కూడా చెత్త కాదు, దానికీ ఒక విలువ ఉంది, లక్షన్నర అనుకోండి. అంటే 100 నుంచి 70కి దిగే దారిలో 4.5 లక్షలు కరుగుతాయి. 30 పాయింట్లకి పంచితే పాయింటు 15 వేలు.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. 85 వచ్చిందని 15 పాయింట్లు తీసుకుని 2.25 లక్షలు కొయ్యమంటారు. ఆన్‌లైన్‌లో మీరు చూసిన 7.5, 8 లక్షలు ఐదేళ్ళ బండి ధరలే, మామూలు అరుగుదల వాటిలో ఇప్పటికే కలిసి ఉంది. ఈ వయసుకి, ఈ ఎండకి 89 దగ్గర ఉంటే మామూలు అనుకుంటే, మీరు కొయ్యాల్సింది 89కీ 85కీ మధ్య ఉన్న నాలుగు పాయింట్లే: 60 వేలు. ఒకవేళ 91 వస్తే ఓనరు 30 వేలు ఎక్కువ అడగడం కూడా న్యాయమే, ఒప్పుకోండి.

మధ్య ధర 7.75 తీసుకోండి. అరుగుదలకి 60 వేలు పోతే 7.15. టైర్లు చూడండి, ఈ బండికి 215/60 ఆర్16. నాలుగూ మార్చాల్సిన స్థితిలో ఉంటే 30 వేల పైనే తగ్గించాలి, 6.85కి వస్తుంది. 6.6 దగ్గర మొదలుపెట్టి 6.9 దగ్గర ఆగిపోండి. ఇన్సూరెన్స్ ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ) చూపించి ధర నిలబెట్టాలని చూస్తారు. ఐడీవీ బండి వయసు పట్టిక నుంచి వచ్చేది, నాలుగు దాటి ఐదేళ్ళ లోపు ఏ బండికైనా 50 శాతం తరుగు. బ్యాటరీ లోపల ఏముందో దానికి తెలియదు.

బ్యాటరీ వారంటీ లెక్క మాత్రం ప్రత్యేకంగా చూడండి. 8 ఏళ్ళు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. తేదీ ప్రకారం 2029 మార్చి దాకా ఉంది, ఓనరు అదే చెప్తారు. మీరు నెలకి 2,860 కిలోమీటర్లు తిరుగుతారు. మిగిలింది 92 వేలు. రెండేళ్ళ ఎనిమిది నెలల్లో అయిపోతుంది. రోజుకి ముప్పై కిలోమీటర్లు తిరిగే వాళ్ళకి 2029 దాకా పనికొచ్చే వారంటీ మీకు కిలోమీటర్ల దగ్గర ముగుస్తుంది. నాలుగో ఏడాది పూర్తిగా మీ రిస్కే.

పెట్రోలు ఖర్చుతో పోల్చినా చెప్తాను, ఎందుకంటే ఎంత దాకా పోవచ్చో దీంట్లో తెలుస్తుంది. లీటరు 110, మైలేజి 16 అనుకుంటే మీకు నెలకి 19,600 పైన. ఈవీకి గోడ దగ్గర 460 యూనిట్లు కావాలి. మీ ఇంటి వాడకం మీద కలిసి పై శ్లాబు 9.75 పడ్డా 4,500 లోపే. నెలకి 15 వేలు మిగులు. బండి మంచిదైతే 20 వేల దగ్గర బేరం పీటముడి పడనివ్వొద్దు.


పాకల తీరం:

ధర, బ్యాటరీ లెక్క ఇద్దరూ చెప్పారు. నెల్లూరు బండి అన్నారు కాబట్టి నీళ్ళ సంగతి చూడకుండా డబ్బు కట్టొద్దు. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు కోవూరు, పడుగుపాడు వైపు హైవేనే తెగింది, నెల్లూరులో కాలనీలు మునిగాయి. ఈ బండి అప్పటికి ఎనిమిది నెలలది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి చెన్నైలో మునిగిన బండ్ల సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. అక్కడ చవకగా కొని ఇక్కడ అమ్మేదానికి రెండు మూడు గంటల ప్రయాణమే అడ్డం.

సీటు బెల్టుని చివరి దాకా లాగండి. పైన శుభ్రంగా ఉండి లోపలి రెండడుగులు మట్టి రంగులో ఉంటే నీళ్ళు అంత ఎత్తుకి వచ్చాయి. డిక్కీలో కార్పెట్ ఎత్తి మూలలు తడమండి. ముందు సీట్ల కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము ఉందేమో టార్చ్ వేసి చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ పాలసీ నంబరు ఇచ్చి కంపెనీని అడగండి. సర్వీస్ సెంటర్‌లో ఎస్‌ఓహెచ్ తీసేటప్పుడే హై వోల్టేజి ఇన్సులేషన్ రెసిస్టెన్స్ (ప్యాక్ కరెంటు బండి బాడీలోకి లీక్ కాకుండా ఉందా అని చెప్పే కొలత) కూడా చదవమనండి, పాత ఫాల్ట్ కోడ్లు ప్రింట్ తీయమనండి. తడి తగిలిన ప్యాక్ ఎండాకాలం బాగానే నడిచి, వానాకాలం పొద్దుటిపూట ఇన్సులేషన్ ఫాల్ట్ చూపించి స్టార్ట్ కాకుండా మొరాయిస్తుంది.

బండిని లిఫ్ట్ మీద ఎక్కించి ప్యాక్ అడుగు పళ్ళెం చూడండి. గీతలుంటే పరవాలేదు. సొట్ట ఉంటే, అందులోనూ బోల్టుల వరసకి దగ్గర్లో సొట్ట ఉంటే జాగ్రత్త. ఐపీ67 అనే నీళ్ళు, దుమ్ము చొరబడని రేటింగ్ సీలు చెక్కుచెదరనంత వరకే. అడుగు దెబ్బ తిన్న ప్యాక్‌కి వారంటీ క్లెయిమ్ తిరస్కరించేదానికి అదే మొదటి కారణం అవుతుంది, కాబట్టి ఆ సొట్టని ఇప్పుడే ఫోటో తీసి, వారంటీకి అడ్డమా కాదా అని సర్వీస్ సెంటర్ చేత ఈ మెయిల్‌లో చెప్పించుకోండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ళ దగ్గర తిరిగిన బండయితే ప్యాక్ బిగించిన బోల్టులు, ఎర్త్ స్ట్రాప్ తుప్పు పట్టి ఉంటాయి. కూలెంట్ డబ్బాలో మట్టం కూడా చూడండి, తగ్గి ఉంటే ఎక్కడికి పోయిందో తేలేదాకా ముందుకు పోవద్దు.

ఛార్జింగ్ పోర్ట్ మూత తెరిచి ఏసీ పిన్నులు చూడండి. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి మారితే వదులు సాకెట్‌లో కాలిన గుర్తు. ఇంట్లో ఎట్టా ఛార్జ్ చేశారో అదే చెప్పేస్తుంది.

నంబరు ప్లేటు పచ్చ మీద తెల్ల అక్షరాలైతే సొంత బండి, పచ్చ మీద పసుపు అక్షరాలైతే ట్యాక్సీ. ట్యాక్సీగా తిరిగి సొంతానికి మార్చినది కాదని ఆర్‌సీ చరిత్రలో చూసుకోండి. ఏపీ 39 అంటే రాష్ట్రమంతా ఒకటే సిరీస్, ప్లేటు చూసి నెల్లూరు బండి అని నమ్మడానికి లేదు, ఏ ఊళ్ళో తిరిగిందో సర్వీస్ బిల్లుల మీద ఉంటుంది.


చీమకుర్తి రోడ్డు:

పాయింటుకి 15 వేలు అని ఒకే గీత గియ్యడం నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కావడం లేదు. వారంటీ ఉన్నన్నాళ్ళు నష్టం అట్టా సమానంగా పోదు.

వారంటీ పుస్తకంలో కెపాసిటీ ఏ శాతం కన్నా కిందకి పోతే కంపెనీ బాధ్యత తీసుకుంటుందో ఒక గీత రాసి ఉంటుంది. ఆ పేజీ ఓనరు దగ్గర ఫోటో తీసుకోండి. ఆ గీతకి కిందకి నిజంగా పోయిన బండి, కాగితాలు, సర్వీస్ హిస్టరీ సరిగ్గా ఉంటే, ఒక రకంగా మంచి బేరం, క్లెయిమ్ చేస్తే ప్యాక్ బాగుపడుతుంది. గీతకి బాగా పైన ఉన్నదీ మంచిదే. అన్నిటికన్నా చెడ్డది గీతకి మూడు నాలుగు పాయింట్లు పైన ఊగిసలాడే బండి. కంపెనీ మార్చదు, మీకు రేంజ్ చాలదు, గీత దాటే లోపు వారంటీ అయిపోతుంది. అట్టాంటి బండికి పాయింటుకి 15 కాదు, 25 వేలు కొయ్యాలి. గీత పైన పది పాయింట్లు ఉన్న చోట 10 వేలు చాలు.

ఇంకో మాట. 68 వేల కిలోమీటర్లు అంటే ఈ ప్యాక్‌కి 370 ఫుల్ సైకిల్స్ కూడా దాటవు. ఎల్‌ఎఫ్‌పీ సెల్స్‌కి 2 వేల సైకిల్స్ మామూలు విషయం. అయినా 15 శాతం పోయిందంటే తిరిగి పోయింది తక్కువ, ఎండలో నిలబడి పోయింది ఎక్కువ. ఎండలో నిండు ఛార్జ్‌తో రోజుల తరబడి ఆపడం వీటికి పడదు. కాబట్టి కిలోమీటర్లు తక్కువ అని ఎక్కువ ధర చెప్పే బండ్లని అంత గొప్పగా చూడొద్దు. 25 వేలు తిరిగి నాలుగేళ్ళు డాబా ముందు ఎండలో నిలబడిన బండి కన్నా 80 వేలు తిరిగి నీడలో పెట్టుకున్న బండి ప్యాక్ బాగుండొచ్చు. డీలరు యార్డులో ఉంటే ఎన్ని నెలల నుంచి ఉంది, ఎంత శాతంలో ఉంచారు అని అడగండి. రెండు శాతంలో మూడు నెలలు వదిలేసిన ప్యాక్ పరిస్థితి ఏ రేంజ్ పరీక్షకీ ఒకేసారి దొరకదు. డీలరు దగ్గర కొంటే ఆయన మార్జిన్ మీద 18 శాతం జీఎస్‌టీ కూడా ధరలోకి వస్తుంది, 2025 నుంచి పాత ఈవీలకి కూడా అదే రేటు. ఓనరు నుంచి నేరుగా కొంటే అది లేదు. డీలరు ధరతో ఓనరు ధరని పోల్చేటప్పుడు ఈ తేడా తీసెయ్యండి.

మీ 110 కిలోమీటర్లకి 40.5 యూనిట్ల నెక్సాన్ మ్యాక్స్ 2022, 2023 బండ్లు కూడా చూడండి. రోజూ 70 శాతం ఖాళీ చేసే బండికీ, సగం కూడా వాడని బండికీ వ్యత్యాసం మే నెలలో తెలుస్తుంది. ఒకటిన్నర లక్ష ఎక్కువ పెట్టగలిగితే నా ఓటు దానికే.

కొత్త మోడళ్ళ జీవితకాల బ్యాటరీ వారంటీ చూసి సెకండ్ హ్యాండ్‌లో ఆశపడొద్దు. ఉదాహరణకి ఎంజీ విండ్సర్‌కి అది మొదటి ఓనరు వరకే, చేతులు మారితే 8 ఏళ్ళు, 1.6 లక్షల కిలోమీటర్లకి వస్తుంది.


కావలి బైపాస్:

అందరికీ ధన్యవాదాలు. ఓనరు పరీక్షకి ఒప్పుకున్నారు. వచ్చిన అంకెలు ఇవి: 113 కిలోమీటర్లు, సగటు 146, 100 నుంచి 31 శాతానికి. అంటే 16.5 యూనిట్లు, నూటికి 23.9. తిరిగి 31 నుంచి 100కి పెడితే మీటరు 18.6 తిరిగింది. ఇంకోసారి 12 శాతం దాకా దించితే ఎక్కడా జారలేదు, పికప్ తగ్గలేదు. సర్వీస్ సెంటర్ ప్రింట్‌లో ఎస్‌ఓహెచ్ 88, పాత ఫాల్ట్ కోడ్లలో ఛార్జింగ్ మధ్యలో ఆగినవి మాత్రమే ఉన్నాయి. అడుగున గీతలు, సొట్ట లేదు. టైర్లు రెండు మార్చాలి. మ్యాక్స్ నా బడ్జెట్‌కి అందడం లేదు. 7.3కి దిగారు.


ఒంగోలు వోల్ట్:

18.6లో 12 శాతం తీస్తే 16.4. ట్రిప్ మీటరుతో సరిపోయింది, కొలత నమ్మొచ్చు. 23.9 అంటే 85. సర్వీస్ వాళ్ళ 88కీ దీనికీ మూడు పాయింట్ల తేడా మామూలే, బేరానికి రోడ్డు మీద వచ్చిందే తీసుకోండి. ఛార్జింగ్ ఆగిన కోడ్లు ఎక్కువగా ఇంటి ఎర్తింగ్ సరిగ్గా లేక వచ్చేవి. అయినా వాళ్ళింట్లో కాకుండా వేరే ఏసీ పాయింట్ దగ్గర ఒకసారి పూర్తిగా ఛార్జ్ అయ్యిందో లేదో ఖాయం చేసుకోండి, లేకపోతే అది బండి లోపలే ఉండే ఆన్‌బోర్డ్ ఛార్జర్ లోపం కావొచ్చు.

మీ ఇంట్లో మాత్రం ఉన్న సాకెట్‌కే తగిలించొద్దు. బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 20 యాంప్స్ ఎంసీబీ (లోడు మించితే ఆపే స్విచ్), 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), విడి ఎర్త్ గుంత. ఏడెనిమిది గంటలు ఏకధాటిగా 14, 15 యాంప్స్ లాగుతుంది, మామూలు సాకెట్ ఆ వేడికి మెత్తబడుతుంది. ఎస్‌పీడీసీఎల్ (కరెంటు కంపెనీ) ఆఫీసులో లోడు పెంచమని దరఖాస్తు కూడా ముందే పెట్టండి.


సింహపురి లెక్క:

7.75లో అరుగుదలకి 60, రెండు టైర్లకి 16 వేలు తీస్తే 6.99. చీమకుర్తి అన్న చెప్పిన గీత మీ వారంటీ పుస్తకంలో ఎక్కడుందో చూశారా? 85కి అది చాలా దూరంలో ఉంటే పాయింటు 10 వేల లెక్కన 7.19 దాకా పోవచ్చు. ఇద్దరి లెక్కల మధ్య 7.1 దగ్గర తెగితే మంచి బేరమే. 7.3 ఇవ్వొద్దు, 20 వేల దగ్గర పీటముడి వద్దన్నాను గానీ ఇది ఇరవై కాదు.


పాకల తీరం:

బయానా 10 వేలకి మించి ఇవ్వొద్దు. రసీదు మీద ఛాసిస్ నంబరు, ఈ రోజు మీటరు, ఒప్పుకున్న ధర, ఎన్‌ఓసీ రాకపోతే బయానా వాపసు అని రాయించండి. లోను ఉన్న బండయితే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలో లోను కొట్టేయించే ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు. అమ్మినట్టు తెలియజేసే ఫారం 29 రెండు కాపీలు, పేరు మార్పు దరఖాస్తు ఫారం 30 మీద సంతకాలు అదే రోజు పెట్టించుకోండి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకి 14 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి. పాత ఓనరుకి ఉన్న నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా ప్రీమియం మీరు కట్టాల్సి ఉంటుంది, దాన్ని కూడా ధర మాట్లాడేటప్పుడే లెక్కలో పెట్టుకోండి.

డబ్బు కట్టే ముందు బండి యాప్‌ని పాత ఓనరు ఫోన్ నుంచి మీ ఎదురుగా తీయించి మీ నంబరుకి మార్పించండి. అది మారకపోతే బండి ఎక్కడుందో ఆయన ఫోన్లోనే కనిపిస్తూ ఉంటుంది, ఛార్జింగ్ హిస్టరీ కూడా మీకు రాదు. రెండు తాళాలు, ఇంటి ఛార్జింగ్ కేబుల్, వారంటీ పుస్తకం లెక్కపెట్టి తీసుకోండి. కేబుల్ ఇవ్వకపోతే కొత్తదానికి ఎంతవుతుందో సర్వీస్ సెంటర్‌ని అడిగి ఆ మొత్తం కూడా 7.1లో తీసెయ్యండి.